ఎక్కడం సరే, దిగడం నేర్చుకోండి

ప్రశ్న: అన్నా, నమస్తే. నాకు 41 ఏళ్లు. బ్యాంకు ఉద్యోగం, ఉండేది హబ్సిగూడలో. రెండేళ్ల నుంచి పరిగెడుతున్నాను. ఆదివారాలు నెక్లెస్ రోడ్డు, మిగతా రోజులు మా కాలనీ పార్కు చుట్టూ రౌండ్లు. 10కె (పది కిలోమీటర్ల పరుగు) మూడు చేశాను. హాఫ్ మారథాన్, అంటే 21 కిలోమీటర్లు, ఒక్కటే, పోయిన ఆగస్టులో మన సిటీలోనే, 2 గంటల 34 నిమిషాలు పట్టింది. ఈసారి మా గ్రూపుతో కలిసి మహారాష్ట్రలోని సతారా హిల్ హాఫ్ మారథాన్‌కి పేరిచ్చేశాను. సెప్టెంబర్‌లో రేసు, చేతిలో 14 వారాలున్నాయి. గ్రూపులో అందరూ కార్బన్ ప్లేట్ షూ కొనమంటున్నారు, 20 వేలు. ఇంకా జీపీఎస్ వాచీ, నీళ్ల బ్యాగు, పిక్కల్ని బిగించి పట్టే కంప్రెషన్ సాక్సులు. అన్నీ కలిపితే 45 వేలు దాటుతోంది. మా ఆయనేమో "చిన్నప్పుడు చెప్పుల్లేకుండా గుట్టలెక్కినోళ్లం, దీనికింత ఖర్చా" అని నవ్వుతున్నారు. ఏం కొనాలి, ఏం మానాలి? చదును రోడ్డు మీద పరిగెత్తేదాన్ని కొండకి ఎలా తయారవ్వాలి? అన్నట్టు, పోయిన ఆగస్టులో ఫ్లైఓవర్లు దిగీ దిగీ కుడి బొటనవేలి గోరు నల్లబడి, నెల తిరిగేసరికి ఊడిపోయింది. మోకాలి చిప్ప చుట్టూ రెండ్రోజులు నొప్పి. అది మామూలేనా?

— ఒక పాఠకురాలు, హబ్సిగూడ

సమాధానం: అమ్మా, షూ గురించీ వాచీ గురించీ అంతసేపు చెప్పి, ఊడిన గోరుని చివర్లో "అన్నట్టు" అని తోసేశారు. నేను ఆ గోరు దగ్గరే మొదలుపెడతాను. మీరడిగిన వాటిలో సగానికి జవాబు అదే చెప్తోంది.

దిగుడులో కాలు నేలకి ఆనగానే పాదం షూ లోపల ముందుకి జారుతుంది. బొటనవేలు వెళ్లి ముందు గోడకి తగులుతుంది. ఒకసారి తగిలితే తెలియను కూడా తెలియదు. సతారా రేసులో ఊళ్లో మొదలై, యవతేశ్వర్ ఘాటు రోడ్డు ఎక్కి, పూలకి పేరున్న కాస్ పఠార్ (పీఠభూమి) వైపు వెళ్లే రోడ్డు మీద కొంత దూరం పోయి, తిరిగి అదే దారిన కిందికి రావాలి. అంటే దిగుడే దాదాపు పది కిలోమీటర్లు. మీ అడుగుల లెక్కన ఒక్కో కాలికి ఐదారు వేల గుద్దులు. గోరు కింద నెత్తురు గూడు కట్టి నల్లబడటం దీనివల్లే. పరిగెత్తేవాళ్లలో చాలామందికి అవుతుంది గానీ, మామూలే కదా అని ఊరుకోవాల్సింది మాత్రం కాదు. షూ పొట్టిదైనా అయ్యుండాలి, లేసు చీలమండ దగ్గర వదులుగానైనా ఉండాలి. నేను చూసినంతలో సాధారణంగా రెండూ ఉంటాయి.

షూ కొనడానికి సాయంత్రం వెళ్లండి. రోజంతా నిలబడి, తిరిగి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది, పది కిలోమీటర్లు పరిగెత్తాక ఉండేది కూడా ఇంచుమించు ఆ పాదమే. పరిగెత్తేటప్పుడు వేసుకునే సాక్సులే తొడుక్కుని వెళ్లండి. ముందు షూ లోపలి అట్ట బయటికి లాగి, నేల మీద పెట్టి, దాని మీద నిలబడండి. వేళ్లు అట్ట అంచు దాటి పక్కలకి వస్తున్నాయంటే ఆ షూ మీకు ఇరుకు, రంగు ఎంత నచ్చినా పక్కన పెట్టేయండి. చిన్నప్పుడు వట్టికాళ్లతోనో హవాయి చెప్పులతోనో తిరిగిన మన పాదాలు ముందువైపు విచ్చుకుని ఉంటాయి. అందుకే అదే మోడల్లో వెడల్పు రకం ఉందేమో అడగండి. తర్వాత తొడుక్కుని నిలబడితే, అన్నిటికన్నా పొడుగు వేలికీ షూ కొసకీ మధ్య మీ బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. మామూలుగా వేసుకునే సైజుకన్నా అర సైజు ఎక్కువ పడుతుంది, కొందరికి ఒకటి. ఇక అసలు పరీక్ష. షాపులో మెట్లుంటే నాలుగు మెట్లు గబగబా దిగి చూడండి. వేలు ముందు తగిలిందా, తిరిగి ఇచ్చేయండి. సేల్స్ కుర్రాడు "మేడం, వాడితే సాగుతుంది" అంటాడు. పక్కలకి సాగుతుందేమో గానీ పొడుగు సాగదు.

లేసు సంగతి. చీలమండ దగ్గర, అన్నిటికన్నా పైన, మిగతావాటికి కొంచెం వెనగ్గా ఒక రంధ్రం ఉంటుంది. పదిమందిలో తొమ్మిదిమంది దాన్ని ముట్టుకోరు. అది ఉన్నది దిగుడు కోసమే అనుకోండి. లేసుని ఆ పక్క రంధ్రంలోంచే లోపలికి దూర్చితే కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి చిన్న ఉచ్చులు వస్తాయి. కుడి కొసని ఎడమ ఉచ్చులోంచి, ఎడమ కొసని కుడి ఉచ్చులోంచి తీసి, కిందికి లాగి బిగించి, ఆపైన ముడి వేయండి. మడమ వెనక్కి అతుక్కుని ఉంటుంది, వేళ్లకి ముందు చోటు మిగులుతుంది. పైసా ఖర్చు లేదు. రేపు పొద్దున్న పాత షూకే కట్టి చూడండి.

కార్బన్ ప్లేట్ షూ సంగతి మీ గ్రూపు వాళ్లకి కోపం రాకుండా చెప్తాను. 2017లో అలాంటి షూ, నైకీ వేపర్‌ఫ్లై, వచ్చాక రోడ్డు రేసుల రూపమే మారిపోయింది, కాదనను. సోలు ఎంత మందం ఉండొచ్చో, పరుగు పోటీల నియమాలు పెట్టే వరల్డ్ అథ్లెటిక్స్ వాళ్లు 40 మిల్లీమీటర్లని గీత గీయాల్సి వచ్చింది. ఆ షూలో తేలికైన మెత్తటి ఫోము, దాని మధ్య గట్టి కార్బన్ పలక. చదును రోడ్డు మీద, వేగంగా, కాలు గట్టిగా మోపి పరిగెత్తేవాళ్లకి బాగా కలిసొస్తుంది. వేగం తగ్గితే లాభమూ తగ్గుతుంది. ఎక్కుడులో, దిగుడులో కూడా తగ్గుతుంది. మీది కిలోమీటరుకి ఏడు నిమిషాలు దాటిన పరుగు, దారి ఘాటు రోడ్డు. పైగా సెప్టెంబర్ మొదట్లో అక్కడ వాన, పొగమంచు. తడిసిన మలుపులో ఎత్తయిన మెత్తటి మడమ మీద దిగుతూ చీలమండ మడతపడితే ఆ 20 వేలు ఎవరు తిరిగిస్తారు? మీకు కావాల్సింది రోజూ వాడుకునే మామూలు ట్రైనింగ్ షూ. మడమ భాగం వెడల్పుగా ఉండాలి, కింద రబ్బరు ముందూ వెనకా నిండుగా ఉండాలి. షూ తిరగేసి చూడండి, ఫోమే నేలకి తగిలే రకమైతే తడి రోడ్డు మీద పట్టు ఉండదు. మడమకీ ముందు పాదానికీ ఎత్తు తేడా ఇప్పటి మీ షూలో ఎంతుందో అంతే ఉండనివ్వండి. ఉన్న 14 వారాల్లో దాన్ని తగ్గిస్తే భారమంతా పిక్కల మీదా మడమ వెనక స్నాయువు మీదా పడుతుంది. ఏడెనిమిది వేలలో మంచి జత వస్తుంది. ఇప్పుడే కొని వాడండి. రేసు నాటికి ఆ షూ మీద కనీసం వంద కిలోమీటర్లు ఉండాలి.

ఇది రాస్తుంటే మీ వదిన పక్కనుంచి చూసి, "షూ గురించి ఇంత రాశావు, ఆడవాళ్లకి ముందు కావాల్సింది చెప్పవా" అంది. ఆవిడ మాటగానే రాస్తున్నా: వాచీ మానేసినా ఫర్వాలేదు, మంచి స్పోర్ట్స్ బ్రా రెండు కొనుక్కో. దిగుడులో కుదుపు ఎక్కువ. తొడుక్కుని షాపు ట్రయల్ రూములోనే గెంతి చూడు. కుట్లు చర్మానికి ఒరుసుకునే చోట రేసు పొద్దున వాజలీను రాయి, లేదంటే స్నానం చేసేటప్పుడు తెలుస్తుంది.

మిగతావి చకచకా తేల్చేద్దాం. నూలు సాక్సులు వద్దు, తడిస్తే ఆరవు, బొబ్బలు ఖాయం. నైలాను, పాలిస్టరు కలిసిన రన్నింగ్ సాక్సులు రెండు జతలు చాలు. నీళ్ల బ్యాగు అక్కర్లేదు, దారిలో నీళ్ల పాయింట్లు పెడతారు. నడుముకి చిన్న బాటిల్ పట్టే బెల్టు చాలు. కంప్రెషన్ సాక్సుల వల్ల వేగం పెరగదు. బస్సులో కాళ్లు వాయకుండా వేసుకుంటానంటే వేసుకోండి. జీపీఎస్ వాచీ మీకిష్టమైతే సంక్రాంతికి కొనుక్కోండి, ఇప్పుడైతే అది కొండ మీద మిమ్మల్ని కంగారుపెట్టడానికే పనికొస్తుంది. ఎందుకో కింద చెప్తాను. వానకి కంటి మీద నీళ్లు పడకుండా ముందు రేకున్న టోపీ ఒకటి. స్టార్టు దగ్గర చలికి ఒక పెద్ద ప్లాస్టిక్ కవరు, తలకీ చేతులకీ కంతలు పెట్టి. మొత్తం 13 వేలు దాటదు.

ఇక కొండ. సిగ్గు విడిచి నా కథ చెప్తాను. మొదటిసారి సతారా వెళ్లినప్పుడు ఎక్కుడు గురించి భయపడి నెలల తరబడి ఎక్కడమే సాధన చేశాను. బాగానే ఎక్కాను. వెనక్కి తిరిగాక ఇక మనదే అనుకుని కాళ్లు వదిలేశాను. నాలుగు కిలోమీటర్లు గాల్లో తేలినట్టుంది. ఆ తర్వాత తొడలు ముందు వణికాయి, తర్వాత బిగుసుకున్నాయి. ఊళ్లోకొచ్చాక చదును రోడ్డు మీద నడుచుకుంటూ ముగించాను. ఆ రాత్రి స్లీపర్ బస్సులో నాది పై బెర్తు. షోలాపూర్ దగ్గర భోజనానికి ఆపితే దిగలేకపోయాను. మొదట సాయం పట్టిన క్లీనర్ కుర్రాడు తర్వాత నవ్వాపుకోలేకపోయాడు. రెండ్రోజులు ఆఫీసులో మెట్లు వెనక్కి తిరిగి దిగాను.

కారణం ఇది. ఎక్కేటప్పుడు తొడ కండరం ముడుచుకుంటూ పనిచేస్తుంది. దిగేటప్పుడు అదే కండరం సాగుతూ, ఒళ్లంతటి బరువుని బ్రేకులా ఆపుతుంది. ఆ సాగుతూ ఆపే పనిలో కండరం పోగులు సన్నగా చిట్లుతాయి. నొప్పి వెంటనే తెలియదు, ఒకటి నుంచి మూడు రోజుల మధ్య దుమ్ము దులుపుతుంది. గుండె, ఊపిరి ఎంత బాగున్నా దీన్ని ఆపలేవు. కానీ ఒక సదుపాయం ఉంది. ఒక్కసారి ఆ దెబ్బ కొద్ది మోతాదులో తిన్న కండరం, మళ్లీ కొన్ని వారాల పాటు అంత తేలిగ్గా దెబ్బతినదు. టీకా లాంటిదే. కాబట్టి దిగడాన్ని కొంచెం కొంచెంగా, ముందుగానే అలవాటు చేయాలి. మీ మోకాలి నొప్పి కూడా చాలావరకు ఇక్కడిదే. తొడ అలిసిపోతే బరువు మోకాలి చిప్ప మీద పడుతుంది. అయితే మోకాలు వాచినా, మెట్లు దిగుతుంటే ఇప్పటికీ నొప్పి ఉన్నా, షూ కన్నా ముందు ఆ డబ్బుతో ఫిజియోథెరపిస్టుని కలవండి.

మరి ఎక్కడ చేయాలి? హబ్సిగూడలో ఉండి చదును రోడ్డు కోసం నెక్లెస్ రోడ్డు దాకా వెళ్తున్నారంటే నాకు నవ్వొచ్చింది. హుస్సేన్ సాగర్ ఒడ్డు చదునుగా ఉండక ఏమవుతుంది? మీ ఇంటి పక్కనే ఉస్మానియా క్యాంపస్ ఉంది. తార్నాక వైపు నుంచి ఆర్ట్స్ కాలేజీ దాకా, అక్కడి నుంచి హాస్టళ్ల వెనక రోడ్ల మీద ఎగుడు దిగుడులే. పొద్దున చెట్ల నీడ, ఆదివారం బండ్ల రద్దీ తక్కువ. ఒక్క కుక్కలతోనే జాగ్రత్త. ఫ్లైఓవర్లు మీ గ్రూపుతో కలిసి, తెల్లారకముందు, మెరిసే పట్టీలున్న జాకెట్లతో అయితేనే. ఫుట్‌పాత్ లేని ఫ్లైఓవర్ మీద ఒంటరిగా వద్దేవద్దు. ఇంకో మాట, మన ఫ్లైఓవర్ల ఎక్కుడు సాధారణంగా ముప్పై మీటర్లకి ఒక మీటరు చొప్పున లేస్తుంది, మూడొందల మీటర్లలో అయిపోతుంది. ఘాటు రోడ్డు కిలోమీటర్ల తరబడి వదలదు. దానికోసం నెలకో రెండు ఆదివారాలు ఊరు దాటాలి. మీకు దగ్గర కీసరగుట్ట. గుడి దాకా రోడ్డు ఎక్కి దిగడం, మళ్లీ ఎక్కి దిగడం. ఒకట్రెండుసార్లు వికారాబాద్ దగ్గర అనంతగిరి. అడవిలో నీడన ఘాటు రోడ్డు, వానాకాలం మొదలైతే స్వర్గం. కోతులున్నాయి. నేను ఒకసారి అరటిపండు చేతిలో పట్టుకుని ఎక్కాను, మలుపు తిరిగేసరికి పండు లేదు, టోపీ కూడా లేదు.

మొదటి మూడు వారాలు ఎక్కడమే. వారానికి ఒకరోజు క్యాంపస్‌లో ఒక వాలు చూసుకుని నిమిషం పాటు ఎక్కండి, నడుస్తూ దిగండి, అలా ఆరుసార్లు. నాలుగో వారం నుంచి దిగేటప్పుడు కూడా మెల్లగా పరుగు. మొదటిరోజు తొడలు పట్టేస్తాయి, పట్టేయాలి. తగ్గాకే మళ్లీ. ఆరో వారం నుంచి పది రోజులకోసారి దిగుడు రోజు పెట్టుకోండి. గుట్ట మీద రెండు, తర్వాత మూడు, తర్వాత నాలుగు కిలోమీటర్ల దిగుడు. రేసుకి రెండున్నర వారాల ముందు ఆఖరిది. ఆ తర్వాత గట్టిగా దిగొద్దు. లాంగ్ రన్ (ఆదివారం పెట్టుకునే పొడుగు పరుగు) 18 కిలోమీటర్ల దాకా పెంచితే చాలు, కానీ ఆ లాంగ్ రన్లలో రెండు గుట్టల మీద ఉండాలి.

ఇంట్లో చేసేదొకటుంది. బళ్లో వేయించేవాళ్లే, గోడకుర్చీ. అప్పుడు శిక్ష, ఇప్పుడు వైద్యం. ముప్పై సెకన్లతో మొదలుపెట్టి నిమిషంన్నర దాకా. తర్వాత గుంజీళ్లు, వినాయకుడి ముందు తీసే హడావిడి గుంజీళ్లలా వద్దు. నాలుగు అంకెలు లెక్కపెట్టుకుంటూ దిగి, ఒక్క అంకెలో లేవండి. మెట్టు మీద ఒంటికాలితో నిలబడి, రెండో మడమ కింది మెట్టుకి ఆనేదాకా మెల్లగా వంగడం, కాలికి పదేసి. వారానికి మూడు రోజులు, కుక్కర్ మూడు విజిళ్లు వేసేలోపు అయిపోతుంది.

దిగేటప్పుడు జనం చేసే తప్పు వెనక్కి వాలి, కాళ్లు ముందుకి చాపి మడమతో బ్రేకు వేయడం. అడుగులు చిన్నవి, గబగబా పడాలి, పాదం ఒంటికి కిందే ఆనాలి. చూపు నాలుగైదు మీటర్ల ముందు. చేతులు కాస్త వదులుగా, పక్షి రెక్కల్లా. ఎక్కేటప్పుడు కూడా అడుగు చిన్నదే. నడుం దగ్గర వంగొద్దు. పక్కవాళ్లతో ఒక పూర్తి వాక్యం మాట్లాడగలిగినంత వేగమే మీ వేగం. మాట తెగితే నడవండి. ఘాటులో చురుగ్గా నడిచేవాళ్లు రొప్పుతూ పరిగెత్తేవాళ్లని దాటేయడం నేను కళ్లారా చూశాను. వాచీ వద్దన్నది ఇందుకే. ఎక్కుడులో కిలోమీటరుకి తొమ్మిది నిమిషాలని అది చూపిస్తే మీరు కంగారుపడి పరిగెడతారు, దిగుడులో ఆరని చూపిస్తే పొంగిపోయి ఇంకా వదిలేస్తారు. రెండూ తొడలకే చేటు. మీ 2 గంటల 34 నిమిషాలు మర్చిపోండి, సతారాలో మూడు గంటలకి అటూ ఇటూగా వస్తే మంచి పరుగు.

మీరు మూడు గంటల పాటు పరుగులో ఉంటారు కాబట్టి తిండి ముఖ్యం. ముప్పావుగంటకోసారి ఒక జెల్లు (పరుగులో మింగే తియ్యటి గుజ్జు ప్యాకెట్), లేదా సగం అరటిపండు, లేదా నాలుగు ఖర్జూరాలు, ఏది మీ కడుపుకి పడుతుందో అది. అనంతగిరిలోనే తిని చూసుకోండి, కోతులు లేనిచోట. నీళ్లు దాహమేసినంతే. భయపడి లీటర్లకి లీటర్లు తాగితే ఒంట్లో ఉప్పు పలచబడుతుంది, అది దాహం కన్నా ప్రమాదం.

మీ ఆయనకి చెప్పండి, ఆయన గుట్టలెక్కింది నిజమే గానీ పది కిలోమీటర్ల తారు రోడ్డు మీద ఆపకుండా పరిగెత్తి దిగలేదు కదా. అంత సరదాగా ఉంటే కీసర ఆదివారాలకి బండి మీద రమ్మనండి. కింద నీళ్ల బాటిలూ, పొడి టవలూ పట్టుకుని ఉండే మనిషి 45 వేల సామానుకన్నా ఎక్కువ పనికొస్తాడు.

గోళ్లు రేసుకి నాలుగు రోజుల ముందు, అడ్డంగా, వేలి కొసకి సమానంగా తీయండి, ముందురోజు రాత్రి తీస్తే మూల గుచ్చుకుంటుంది. కాస్ పూలు చూసి రావాలని మీ గ్రూపు వాళ్లు తప్పకుండా అంటారు, రేసుకి ముందురోజే వెళ్లి రండి, మర్నాడు ఎవరూ నడవలేరు. తిరుగు టికెట్ ఇవాళే చేయించుకోండి. కింది బెర్తు.